గుర్తు వెనుకనున్న కొలత

షేర్ల వర్తకము నేడు బొంబాయి దళారుల గదులకు పరిమితమై యుండుట లేదు. పట్టణములలోని యుద్యోగులును, పంట సొమ్ము చేతికి వచ్చిన రైతులును, కళాశాల వీడిన యువకులును చేతిలోని ఫోనులోనే ధరల చార్టును విప్పి చూచుచున్నారు. ఆ చార్టుపై నొక చిన్న త్రిభుజమో, రెండక్షరముల గుర్తో వెలసినంతనే కొనుటయు, మఱియొకటి వెలసినంతనే యమ్ముటయు పలువురి కలవాటైనది. ఆ గుర్తును పెట్టినది యెవరు? ఏ కొలతతో పెట్టిరి? ఈ ప్రశ్న వేయువారు మాత్రము మిక్కిలి యరుదు. ఆ ప్రశ్ననే మేమిప్పుడు చదువరుల ముందుంచుచున్నాము.

విషయము స్వల్పమని తోచవచ్చును. దాని వెనుకనున్న ధనము స్వల్పము కాదు. మార్కెట్టు నియంత్రణ సంస్థయగు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021-22 మొదలు 2023-24 వఱకు గల మూడు ఆర్థిక సంవత్సరములలో షేర్ల ఫ్యూచర్సు, ఆప్షన్ల వ్యాపారము చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరి. వ్యక్తుల నష్టము మొత్తము మీద 1.8 లక్షల కోట్ల రూపాయలను మించినది. క్రయవిక్రయపు ఖర్చుల క్రింద వారు చెల్లించినదే సుమారు 50,000 కోట్లు. తరువాతి సంవత్సరమగు 2024-25లో నూటికి 91 మంది నష్టపడినట్లు 2025 జూలైలో ఆ సంస్థయే తెలిపినది. ఈ నష్టములన్నియు చార్టు గుర్తుల వలననే కలిగినవని మేమనుట లేదు. అట్లనుట కాధారము లేదు. కాని తనకు అర్థము కాని గుర్తును నమ్మి ధనము పెట్టువాడు ఎంత ప్రమాదకరమైన బజారులో అట్లు చేయుచున్నాడో తెలిసికొనుటకు ఈ యంకెలు చాలును.

ఇంతకును కొవ్వొత్తుల చార్టు అనగా నేమి? ఒక దినము కానిండు, ఐదు నిమిషములు కానిండు, ఒక నియమిత కాలములో ధర మొదలైన చోటు, ముగిసిన చోటు, మిక్కిలి యెక్కిన చోటు, మిక్కిలి దిగిన చోటు, ఈ నాలుగింటిని ఒక్క బొమ్మలో చూపునది కొవ్వొత్తి. మొదటి ధరకును ముగింపు ధరకును నడుమనున్న లావుపాటి భాగము దేహము; దానికి పైకిని క్రిందికిని సాగిన సన్నని గీతలు వత్తులు. ఇది జపాను దేశపు సొత్తు. ఓసాకా నగరమునందలి దోజిమా బియ్యపు బజారునకు 1730లో తొకుగావా ప్రభుత్వము అనుమతి నిచ్చెను. అచ్చట చేతిలో నున్న బియ్యమునే గాక, ముందు రాబోవు తేదీల బియ్యమును గూడ బేరమాడుచుండిరి. సకాటా పట్టణపు బియ్యపు వర్తకుడు హొమ్మా మునెహిసా (1724–1803) ఈ విద్యకు మూలపురుషుడని చెప్పుట వాడుక. ఈ బొమ్మలను గీచినది ఆయనయే యనుటకు మాత్రము అందఱు నంగీకరింపరు. అమెరికాలో స్టీవ్ నిసన్ 1991లో గ్రంథము ప్రకటించిన పిమ్మటనే యిది పడమటి దేశముల వర్తకులలో విరివిగా వ్యాపించినది.

ఆ కాలపు వర్తకుడు చార్టును కంటితో చూచి, "దేహము చిన్నది, క్రింది వత్తి పొడవైనది" అని తలపోసెడివాడు. చిన్నది, పొడవైనది యను మాటలకు అతని యనుభవమే కొలత. యంత్రమునకు అనుభవము లేదు. "చిన్నది" యని చెప్పిన, "ఎంతలో ఎంత?" అని యది యడుగును. కనుక చార్టుపై ఆకృతులను వెదకు ఇండికేటరును అమర్చువాడు ప్రతి విశేషణమునకును ఒక సంఖ్యను నిర్ణయింపవలసి యున్నది. మనము నిర్ణయింపనిచో, దానిని తయారుచేసినవాడు నిర్ణయించి పెట్టినదే మన నిర్ణయమగును. అధికసంఖ్యాకుల విషయమున జరుగుచున్నది యిదియే.

దీనికి అందఱెఱిగిన డోజీనే ఉదాహరణముగా గైకొందము. మొదటి ధరయు ముగింపు ధరయు ఇంచుమించు ఒకటిగా నుండు కొవ్వొత్తికి డోజీ యని పేరు. కొనువారును అమ్మువారును సరిసమానముగా నిలిచిరనుటకు అది చిహ్నమందురు. "ఇంచుమించు" అనగా నెంత? మూలము బహిరంగముగా లభించు టీఏ-లిబ్ అను ప్రసిద్ధమైన గణన సంపుటిలో, దేహము గడచిన 10 కొవ్వొత్తుల సగటు నిడివిలో పదవ వంతు మించరాదని నియమము. ట్రేడింగ్‌వ్యూ వారి ఆకృతుల ఇండికేటరులో, దేహము ఆ కొవ్వొత్తి స్వంత నిడివిలో నూటికి 5 వంతులు మించరాదు. ఒక షేరు 500 రూపాయలకు మొదలై, 505 వఱకు ఎక్కి, 497 వఱకు దిగి, 500 రూపాయల 60 పైసలకు ముగిసినదనుకొందము. దేహము 60 పైసలు, నిడివి 8 రూపాయలు. నూటికి 5 వంతుల లెక్కను హద్దు 40 పైసలు. కనుక నిది డోజీ కాదు. గడచిన పది కొవ్వొత్తుల సగటు నిడివియు 8 రూపాయలే యైనచో, రెండవ లెక్కను హద్దు 80 పైసలు. కనుక నిదియే డోజీ. ఆ పది దినములును బజారు నెమ్మదిగా నుండి సగటు నిడివి 4 రూపాయలే యైనచో, ఆ లెక్కను గూడ హద్దు 40 పైసలకు దిగి, డోజీ మరల మాయమగును. ధరలలో పైసా మారలేదు. మారినది కొలత మాత్రమే.

మన పల్లెలలో ధాన్యము కొలిచిన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. పుట్టి యనునది ఒకే పేరు. కాని తాలూకా దాటిన దాని తూనిక మాఱెడిది. కుంచములును మానికలును నట్టివే. అందుచే బుద్ధిమంతుడైన రైతు ధర యడుగుటకు ముందు "ఏ కుంచము?" అని యడిగెడివాడు. 1956లో తూనికల కొలతల చట్టము వచ్చి మెట్రిక్ కొలతలు స్థిరపడిన పిమ్మట ధాన్యము విషయమున నా చిక్కు తీఱినది. చార్టు ఆకృతుల విషయమున అట్టి చట్టము లేదు, రాగలదని మేమాశించుటయు లేదు. కనుక "డోజీ వచ్చినది" అనువానిని "ఏ డోజీ?" అని ప్రశ్నించు పూర్వపు రైతు వివేకమే మనకు శరణ్యము.

ఇక ఫిల్టర్ల సంగతి. ఆకృతిని గుర్తించు కొలత ఒకటి. గుర్తించిన వానిలో వేనిని చూపవలెను, వేనిని విడువవలెను అని నిర్ణయించు జల్లెడ మఱియొకటి. ఈ రెంటిని వేఱువేఱుగా గ్రహింపవలెను. జల్లెడలలో ముఖ్యమైనది ధోరణి. చిన్న దేహము, దానికి రెండింతలో మూడింతలో పొడవైన క్రింది వత్తి గల కొవ్వొత్తి, దిగుచున్న బజారులో వచ్చినచో హ్యామర్, అనగా సుత్తె. ధర లేచునని సూచన. అదే కొవ్వొత్తి ఎక్కుచున్న బజారులో వచ్చినచో హ్యాంగింగ్ మ్యాన్, అనగా ఉరిపడినవాడు. ధర పడునని సూచన. బొమ్మ యొకటే, అర్థములు రెండు. ఈ రెంటిని వేఱుచేయునది బొమ్మ కాదు, ధోరణిని గూర్చిన మన నిర్వచనము. పైన చెప్పిన ట్రేడింగ్‌వ్యూ ఇండికేటరులో ఇందుకు మూడు మార్గములు గలవు: ధర 50 కొవ్వొత్తుల సగటునకు పైననున్నదా క్రిందనున్నదా యని చూచుట, దానితోబాటు 50 సగటు 200 సగటునకు పైననున్నదా యని గూడ చూచుట, ధోరణిని బొత్తిగా చూడకుండుట. మూడవ దానిని ఎంచినవాడు బజారు ఏ దిశను పోవుచున్నదో చూడకయే గుర్తునకు పేరు పెట్టించుకొనుచున్నాడు. అది తెలియక ఎంచుట యజ్ఞానము. తెలిసి ఎంచుట సాహసము.

తక్కిన జల్లెడలకును తగిన స్థానము కలదు. జె. వెల్స్ వైల్డర్ 1978లో ప్రకటించిన గ్రంథమున ధర సగటున ఎంత కదలుచున్నదో కొలుచు పద్ధతి నొకదానిని తెలిపెను. దానినే నేడు ఏటీఆర్ అందురు. కొవ్వొత్తి నిడివి ఆ సగటులో ఇంత భాగమైనను ఉండవలెనని నియమించినచో, నిశ్శబ్దమైన బజారులోని అల్పమైన కదలికలు రాలిపోవును. క్రయవిక్రయ పరిమాణపు జల్లెడ గూడ మంచిదే; కాని నిఫ్టీ వంటి సూచీ స్వయముగా కొనబడి యమ్మబడు వస్తువు కాదు గనుక, సూచీ చార్టుపై ఆ జల్లెడను నిలుపువాడు తాను దేని పరిమాణమును తూచుచున్నాడో ముందు తెలిసికొనవలెను. మార్నింగ్ స్టార్ వంటి కొన్ని ఆకృతులకు ఒక కొవ్వొత్తికిని మఱియొకదానికిని నడుమ ధరలో ఖాళీ యుండవలెనని ప్రాచీన నియమము. దినపు చార్టులో ఉదయమున నట్టి ఖాళీ కనబడును; ఐదు నిమిషముల చార్టులో అది యరుదు. నియమమును సడలించిన ఆకృతులు విరివిగా దొరకును, కాని యవి పూర్వులు చెప్పిన యాకృతులు కావు. హైకిన్-ఆషీ యను సగటు కొవ్వొత్తుల చార్టుపై ఈ ఆకృతులను వెదకుటయు నట్టిదే. ఆ దేహములు బజారులో జరిగిన ధరలు కావు, లెక్కించి తీసిన ధరలు.

అన్నింటికంటె ప్రధానమైన జల్లెడ ఓర్పు. ఐదు నిమిషముల కొవ్వొత్తి మూడవ నిమిషమున హ్యామర్‌గా కనబడి, ఐదవ నిమిషము ముగియునప్పటికి దేహము పెరిగి సామాన్యమైన కొవ్వొత్తిగా మిగులవచ్చును. కొవ్వొత్తి ముగిసిన పిమ్మటనే హెచ్చరిక రావలెనని అమర్చు వీలు మంచి యిండికేటర్లన్నింట నున్నది. దానిని వాడనివాడు పాలు పట్టని గింజను చూచి పంట దిగుబడిని లెక్కవేయువానితో సమానుడు. సాయంకాలము వెనుదిరిగి చార్టును చూచినప్పుడు నిలిచిన గుర్తులే కనబడును. నడుమ మెఱసి మాయమైనవి కనబడవు. అందుచే గతమెల్ల ఒప్పుగా తోచును, వర్తమానము మాత్రము తప్పుచుండును.

జల్లెడ యేల కావలెనో తెలియుటకు ఒక చిన్న లెక్క చాలును. టీఏ-లిబ్‌లో 61 ఆకృతులు గలవు. ఆఱుంబావు గంటల బజారు దినమును ఐదేసి నిమిషములుగా విభజించిన 75 కొవ్వొత్తులగును. ఏబది షేర్లపై అన్ని ఆకృతులను వెదకినచో, ఒక్క దినమున యంత్రము 2,28,750 ప్రశ్నలు వేయుచున్నది. వానిలో నూటికి ఒక్కటి మాత్రమే యాదృచ్ఛికముగా "ఔను" అని వచ్చినను, రెండు వేలకు పైగా గుర్తులు వెలయును. వానిలో తన కోరిక కనుకూలమైనది కనబడని మనుష్యుడెవడు? ఎక్కవలెనని కోరువానికి ఎక్కు గుర్తు, దిగవలెనని కోరువానికి దిగు గుర్తు. బల్లి పలుకుటకు పంచాంగములో ప్రతి దిక్కునకును ఒక ఫలము వ్రాసియున్నట్లే, ఇచ్చటను ప్రతి కోరికకును ఒక గుర్తు సిద్ధముగా నుండును.

అట్లైన జల్లెడలను బిగించుచు పోయిన చాలునా? చాలదు. అపాయమంతయు నచ్చటనే పొంచియున్నది. ఒకడు గతకాలపు ధరలపై ఇండికేటరును నడపి చూచును. నాలుగు వందల గుర్తులలో సగము తప్పినవి. ధోరణి జల్లెడ నుంచును, మెఱుగుపడును. పరిమాణపు జల్లెడను చేర్చును, మఱికొంత మెఱుగుపడును. 14ను 11 చేయును, 5 శాతమును 7 శాతము చేయును. తుదకు 12 గుర్తులు మిగిలి, వానిలో 9 నిజమైనవి. నూటికి 75 వంతులు జయమని పొంగిపోవును. నాణెమును 12 మారులు ఎగురవేసినను, తొమ్మిదియు నంతకు మించియు బొమ్మ పడు నవకాశము నూటికి 7 వంతులకు పైగా నున్నది. అనగా ఇంచుమించు 14 ప్రయత్నములలో ఒకటి. ఒకదానితో నొకటి సంబంధము లేని ఇరువది అమరికలను పరీక్షించినచో, ఏ విద్యయు లేకున్నను, వానిలో నొకటైన నట్టి ఫలితము చూపు నవకాశము నూటికి 78. కనుక నాతడు కనుగొన్నది బజారు మర్మము కాకపోవచ్చును. తాను చేసిన ప్రయత్నముల సంఖ్యయే కావచ్చును. ప్రశ్నపత్రమును ముందు చూచి చదివిన విద్యార్థికి మార్కులు వచ్చును. విద్య వచ్చెనని చెప్పజాలము.

ఈ విద్య యంతయు మిథ్యయని కొందఱందురు, పరమసత్యమని కొందఱందురు. పండితుల పరిశోధనలు ఇరుపక్షములకును కొంత బలము నిచ్చినవి. 1998లో కాగినాల్ప్, లారెంట్ అనువారు అమెరికా షేర్లపై 1992–96 ధరలను పరీక్షించి, కొన్ని మూడు దినముల ఆకృతులలో ముందుచూపు కలదని ప్రకటించిరి. 2006లో మార్షల్, యంగ్, రోజ్ అనువారు డౌ జోన్స్ సూచీలోని షేర్ల 1992–2002 ధరలపై పరీక్షించి, ఈ యాకృతులను అనుసరించుట వలన లాభము లేదని తేల్చిరి. ఈ రెంటిలో ఒకదానినే చదివి పక్షము వహించుట మాకు సమ్మతము కాదు. మేము గ్రహించినది ఇంతమాత్రమే: ఆ పండితులు తమ నిర్వచనములను ముందు వ్రాసి, పిమ్మట లెక్కించిరి, కనుకనే వారితో నేకీభవించుటకును విభేదించుటకును మనకు వీలు కలిగినది. ఫోనులో గుర్తును చూచి కొనువాడు తన నిర్వచనమును తానే యెఱుగడు. వానితో వాదించుటకైనను వీలు లేదు.

కావున ఈ మార్గమున పోదలచిన చదువరులకు మా సలహా యిది. మొదట, ఏ రెండు మూడు ఆకృతులు కావలెనో యెంచుకొని తక్కినవాని నన్నింటిని ఆపివేయవలెను. ఒక్కొక్కదాని కొలతను, అనగా దేహమెంత, వత్తి యెంత, ఎన్ని కొవ్వొత్తుల సగటు, అను సంఖ్యలను కాగితముపై వ్రాయవలెను. ధోరణిని తెలుపు జల్లెడ నొకదానిని, కదలికను తూచు జల్లెడ నొకదానిని నిలిపి, అవి యేల నిలిపితిమో ఒక్కొక్క వాక్యమున చెప్పగలుగవలెను, చెప్పలేనిచో తీసివేయవలెను. గతకాలపు ధరలను రెండు భాగములుగా చేసి, మొదటి భాగముపై అమరికను నిర్ణయించి, రెండవ భాగమును అంతవఱకు కన్నెత్తి చూడరాదు. రెండవ భాగముపై ఒక్కమారు మాత్రమే పరీక్షింపవలెను. ఫలితము నచ్చలేదని మరల కొలతలను మార్చి పరీక్షించినచో, ఆ రెండవ భాగమును మొదటి భాగమైపోవును. గుర్తులు ఎన్ని వచ్చినవో, ఎన్ని ఫలించినవో మాత్రమే గాక, దళారీ రుసుము, పన్ను, కొనుగోలు ధరకును అమ్మకపు ధరకును గల వ్యత్యాసము తీసివేయగా ఏమి మిగిలినదో లెక్కింపవలెను. ఏమియు మిగులనిచో, ఆ సంగతి ధనము పోకముందే తెలిసినందులకు సంతోషింపవలెను.

ఇంత శ్రమ ఎవరు పడుదురని కొందఱడుగుదురు. విత్తనము కొనుటకు నాలుగు దుకాణములు తిరుగు రైతును, ఇంటి స్థలము కొనుటకు ముప్పది యేండ్ల దస్తావేజులు చూపుమను పట్టణవాసిని మేమెఱుగుదుము. ఆ జాగ్రత్తయే ఇచ్చటను కావలసినది. శ్రమ పడలేనివాడు ఈ వ్యాపారమున కాలిడకుండుటయే మేలు. ఆ నిర్ణయమున నవమానము లేదు.

ఇండికేటర్లను తయారుచేసి యమ్మువారికిని ఒక బాధ్యత కలదు. 2025 ఫిబ్రవరి 4వ తేదీన సెబీ ప్రకటించిన యుత్తరువులో, యంత్రములే స్వయముగా క్రయవిక్రయము చేయు పద్ధతులను రెండు తెగలుగా విభజించిరి. వాడువాడు తర్కమును తెలిసికొని తిరిగి చేయగలిగినది శ్వేతపేటిక. తర్కము దాచబడినది కృష్ణపేటిక. ఈ రెండవ దానిని ఇచ్చువారు పరిశోధకులుగా నమోదు కావలెనని విధించిరి. చార్టుపై గుర్తు మాత్రము పెట్టు ఇండికేటరు స్వయముగా కొనదు, అమ్మదు. కనుక నీ నియమము దానికి నేరుగా వర్తింపకపోవచ్చును. కాని యందలి న్యాయము మాత్రము వర్తించును. గుర్తును అమ్ముకొనువాడు దాని వెనుకనున్న కొలతను దాచుట తగదు. ఏ హద్దు, ఎన్ని కొవ్వొత్తుల సగటు, ఏ ధోరణి, కొవ్వొత్తి ముగిసిన పిమ్మటనా ముందా యను నాలుగు సంగతులను తేటతెల్లముగా తెలుపని ఇండికేటరును, అది యెంత యందముగా మెఱసినను, కొనవలదని మేము నొక్కి చెప్పుచున్నాము. విజయములను మాత్రమే ప్రకటించి వైఫల్యముల లెక్కను దాచువానిని అంతకంటె దూరముగా నుంచవలెను.

యంత్రము మనకు శత్రువు కాదు. అలసట లేక, పక్షపాతము లేక, చెప్పిన కొలతను చెప్పినట్లు వేయి చార్టులపై వేయుట దాని సుగుణము. కాని కొలతను చెప్పవలసినది మనుష్యుడే. ఆ పనిని గూడ తెలియనివారికి అప్పగించి, ఫలితమును మాత్రము తన ధనముతో ననుభవించుట వివేకము కాదు. కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు కుంచమును తిరగవైచి అడుగు చూచిన మన పెద్దలు ఎవరిని అవమానింపదలచి యట్లు చేయలేదు. తమ కష్టార్జితమును కాపాడుకొనుటకే చేసిరి. నేడు చార్టుపై గుర్తు వెలసినప్పుడు ధనము తీయుటకు ముందు సెట్టింగుల పుటను విప్పి చూచుటయు నట్టి పనియే. అందులకు పట్టు కాలము రెండు నిమిషములు.